పరీక్షకు రాని మింక్‌లు: ఒక ఫర్ రైతుల సంఘంలో రెండేళ్ల పని

నేను పశువైద్యురాలిని. చదివింది తిరుపతిలో, ఉద్యోగం చేసింది ఎక్కువగా ఉత్తర యూరప్‌లో. అక్కడ ఒక దేశంలో ఫర్ రైతుల, అంటే బొచ్చు తోళ్ల కోసం జంతువుల్ని పెంచేవారి, జాతీయ సంఘానికి రెండేళ్లపాటు కాంట్రాక్టు మీద పనిచేశాను. ఒక జిల్లాలో ఎన్నేళ్లయినా వదలని జబ్బును వదిలించే పని అది. దేశం పేరు, జిల్లా పేరు రాయడం లేదు. ఫారాల లెక్కలు కొద్దిగా మార్చాను. రైతుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఏది ఎందుకు చెడింది అన్నది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. కోళ్లు, రొయ్యలు, పాడి రంగాల్లో రైతు సంఘాలతో పనిచేసే మన డాక్టర్లకు ఇందులో పనికొచ్చేది ఉంది.

నేపథ్యం

మింక్ చూడటానికి మన ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కుటుంబం మాత్రం నీటికుక్కలది. తోలు కోసం పెంచుతారు. పొడవాటి షెడ్లలో వరసగా వైరు బోన్లు, ప్రతి బోనుకూ ఒక గూడు పెట్టె. ఏడాదంతా ఒక క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. మార్చిలో జత కట్టిస్తారు. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఈనుతాయి. వేసవిలో పిల్లల్ని తల్లుల నుంచి వేరు చేసి టీకాలు వేస్తారు. చలికాలపు బొచ్చు దట్టంగా వచ్చాక, నవంబరు, డిసెంబరుల్లో తోళ్లు తీస్తారు. ఆ తర్వాత షెడ్లలో మిగిలేది వచ్చే ఏడాది ఈతకు ఉంచుకున్నవే. మేత రైతు సొంతంగా కలుపుకోడు. చేపల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు, ధాన్యం రుబ్బి ముద్దగా చేసే మేత కేంద్రం ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి ట్యాంకర్ రోజూ ఫారం ఫారానికీ తిరుగుతుంది. ఈ ట్యాంకర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక సంఘం. మన గుడ్ల రైతులకు 1982లో పుట్టిన నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) తెలుసు. అది రోజువారీ ధర ప్రకటిస్తుంది, గుడ్డుకు ప్రచారం చేస్తుంది. నార్డిక్ దేశాల ఫర్ సంఘాల పాత్ర ఇంతకంటే చాలా పెద్దది. ఫిన్లండ్ సంఘం 1928 నాటిది, డెన్మార్క్ సంఘం 1930 నాటిది. డెన్మార్క్‌లో రైతుల తోళ్లు దాదాపు అన్నీ కోపెన్‌హాగన్ పక్కన గ్లోస్ట్రప్‌లో ఉన్న వేలం కేంద్రానికి వెళ్లేవి. ఆ కేంద్రం రైతుల సంఘానిదే. ఫిన్లండ్‌లో సాగా ఫర్స్ అనే వేలం కంపెనీలో పెద్ద వాటా రైతుల సంఘానిది. అంటే సరుకు అమ్మిపెట్టేదీ సంఘమే, రైతుకు సలహా ఇచ్చేదీ సంఘమే, ప్రభుత్వంతో మాట్లాడేదీ సంఘమే. నేను పనిచేసిన చోట ఇంకో రెండు కూడా ఉన్నాయి. రక్త పరీక్షల ల్యాబ్ సంఘానిది. తోళ్లు అమ్ముడుపోయేలోపు మేత ఖర్చులకు రైతుకు అడ్వాన్స్ ఇచ్చే విభాగమూ సంఘానిదే. రెండూ ఒకే భవనంలో, పైన ఒకటి, కింద ఒకటి. చేరిన మొదటి రోజు ఇది నాకు చాలా సౌకర్యంగా అనిపించింది. ఒకే గొడుగు కింద అన్నీ ఉన్నాయి కదా అనుకున్నాను.

బోన్లలో పెంచే పద్ధతి మీద నాకు అభ్యంతరాలు ఉన్నాయి. సంఘం పెద్దలకు ఇంటర్వ్యూలోనే ఆ మాట చెప్పాను. ఈ పెంపకం ఉండాలా, నిషేధించాలా అన్న చర్చ ఆ దేశాల్లో ఏళ్ల తరబడి నడుస్తోంది, నడవాల్సిందే. కానీ కిడ్నీలు పాడై నీళ్ల గొట్టాన్ని వదలకుండా పట్టుకుని ఉండే జంతువుకు ఆ చర్చ తేలేదాకా ఆగే వీలు లేదు. అందుకే ఒప్పుకున్నాను.

సమస్య

జబ్బు పేరు అల్యూషియన్ వ్యాధి. 1940ల్లో అమెరికాలో నీలి బూడిద రంగు మింక్ ఒకటి కొత్తగా పుట్టింది. అల్యూషియన్ అన్నది ఆ రంగు పేరు. ఆ రంగు వాటిలో జబ్బు తీవ్రంగా కనిపించింది కాబట్టి పేరు అలా పడింది. 1956లో హార్ట్‌సౌ, గోర్హమ్ దీన్ని వర్ణించారు. కారణం పార్వో జాతి వైరస్. పెద్ద జంతువుల్లో శరీరం యాంటీబాడీలు విపరీతంగా తయారు చేస్తుంది. అవి వైరస్‌ను చంపలేవు సరికదా, దానితో కలిసి ముద్దలై కిడ్నీల్లో పేరుకుంటాయి. జంతువు చిక్కిపోతుంది, దాహం ఆగదు, పేడ తారులా నల్లగా వస్తుంది. ఆడవి చూలు నిలుపుకోలేవు, ఈనినా పిల్లలు తక్కువ. కొన్ని ఫారాల్లో పసిపిల్లలు నిమోనియాతో పోతాయి. మందు లేదు. టీకా కోసం చేసిన ప్రయత్నాల్లో టీకా వేసిన జంతువులకే జబ్బు ఎక్కువైన సందర్భాలు ఉన్నాయి. యాంటీబాడీయే హాని చేసే జబ్బుకు టీకా తయారు చేయడం అంత కష్టం.

దీన్ని తగ్గించిన పద్ధతి ఒక్కటే: రక్తం పరీక్షించు, పాజిటివ్ వచ్చినదాన్ని తీసెయ్యి. 1972లో చో, ఇంగ్రామ్ అనే ఇద్దరు ఒక చవకైన పరీక్ష తెచ్చారు. జంతువు గోరు కొస కత్తిరించి సన్నని గాజు గొట్టంలోకి చుక్క రక్తం తీస్తే చాలు. డెన్మార్క్ రైతుల సంఘం 1976లో దీనితో స్వచ్ఛంద కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో దాదాపు ప్రతి ఫారంలోనూ జబ్బు ఉండేది. 2001 నాటికి అది దాదాపు 5 శాతం ఫారాలకు దిగింది, మిగిలింది ఎక్కువగా ఆ దేశపు జట్లాండ్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో. 1999లో జబ్బు కనబడితే ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నిబంధన వచ్చింది. ఒక వృత్తి సంఘం ప్రభుత్వం చెప్పకముందే తనంతట తాను ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ గౌరవం కలిగించే విషయం.

నేను వెళ్లిన జిల్లా కూడా జట్లాండ్ ఉత్తర భాగం లాంటిదే. దేశం అంతటా తగ్గింది, అక్కడ మాత్రం పోలేదు. ఇరవై మూడు ఫారాలు, ఒకే మేత కేంద్రం. ప్రతి చలికాలం ఐదారు ఫారాల్లో పాజిటివ్‌లు. ఈ ఏడాది వచ్చిన చోట వచ్చే ఏడాది ఉండవు, పక్క ఫారంలో తేలుతాయి. ఆ ఇరవై మూడింటిలో ఒక ఫారం నా దృష్టిలో పడింది. దాన్ని ఏడో నంబరు అందాం. రైతు జిల్లా కమిటీలో సభ్యుడు. ఏటా పరీక్షలు చేయిస్తాడు, ఏటా నెగటివే. కానీ ఈతకు సగటున ఐదు పిల్లలు రావలసిన చోట అతనికి నాలుగు కూడా రావడం లేదు. చూలు కట్టకుండా మిగిలిపోయిన ఆడవి మామూలు కంటే బాగా ఎక్కువ. పరీక్ష బాగానే ఉందంటోంది, పుట్టిన పిల్లల లెక్క బాగా లేదంటోంది. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం.

మొదట చేసినవి

మొదటి ఏడాది నేను పుస్తకంలో ఉన్నదే చేశాను. మిగతా చోట్ల పరీక్షలతోనే జబ్బు పోయింది, ఇక్కడ పోలేదంటే పరీక్షలు చాలడం లేదన్నమాట. ఈ తర్కంతో ఏడాదికి ఒకసారి జరిగేదాన్ని రెండుసార్లు చేశాం. ఈతకు ఉంచిన ప్రతి ఆడదానికీ, ప్రతి మగదానికీ పరీక్ష. ఖర్చు సగం సంఘానిది. ల్యాబ్ అమ్మాయిలు రాత్రి పదకొండు దాకా కూర్చున్న రోజులున్నాయి.

తర్వాతి చలికాలం మళ్లీ ఆరు ఫారాలు.

అప్పుడు కమిటీ రెండో అడుగు వేసింది. కంచెలు, బూట్లు, చేతులు కడుక్కోవడం మీద సర్క్యులర్లు పంపింది. దాంతోపాటు ఒక శిక్ష కూడా పెట్టింది. అనుమానం వచ్చిన వారంలోపు చెప్పని రైతుకు అడ్వాన్స్ ఆపుతారు, ఆ ఏడాది ఈతకు జంతువుల్ని అమ్ముకునే హక్కు పోతుంది. అక్కడ మంచి రకం మగ మింక్‌ల అమ్మకం చాలామందికి తోళ్ల తర్వాత రెండో ఆదాయం. ఈ నిర్ణయానికి నేనూ ఒప్పుకున్నాను. నా వాదన ఏమిటంటే, ఆలస్యంగా చెప్పడమే వైరస్‌కు దొరికే సందు, ఆ సందు మూయాలి. కాగితం మీద అది సరైన వాదనే.

శిక్ష రాకముందు ఏడాదిలో జిల్లా నుంచి నాకు ముప్పైకి పైగా ఫోన్లు వచ్చేవి. "నాలుగు ఆడవి నీళ్లు ఎక్కువ తాగుతున్నాయి, వచ్చి చూస్తారా" అని, "పిల్లలు ఊపిరి అందక పోతున్నాయి" అని. శిక్ష వచ్చాక ఆరంటే ఆరు ఫోన్లు. కమిటీ మీటింగ్‌లో ఈ అంకె చూసి ఒకాయన సంతోషంగా బల్ల చరిచాడు, జబ్బు తగ్గిందని. నాకు కాళ్లు చల్లబడ్డాయి. తగ్గింది జబ్బు కాదు, ఫోన్లు.

ఎక్కడ తప్పాం

ఏడో నంబరు లెక్క విప్పింది ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో. నేను రక్తపు గొట్టాల నంబర్లనూ బోనుల మీద తగిలించే కార్డుల్నీ జత చేస్తూ కూర్చున్నాను. ప్రతి ఆడదానికీ ఒక కార్డు ఉంటుంది. పుట్టిన తేదీ, జత కట్టిన తేదీ, పిల్లల సంఖ్య రాస్తారు. చూస్తే పరీక్షకు వచ్చిన ప్రతి ఆడదీ కిందటి వేసవిలో ఈనిందే. కట్టనివి ఒక్కటీ లేదు. ఎక్కడికి పోయాయి? నవంబరులో తోలు తీసేశారు. పరీక్ష జరిగేది జనవరిలో.

ఇందులో మోసం లేదు. పిల్లలు వేయని ఆడదాన్ని ఇంకో ఏడాది మేపే రైతు ఎక్కడా ఉండడు. అది ఎప్పటినుంచో ఉన్న అలవాటు, మేం ఇచ్చిన క్యాలెండర్ కూడా అలాగే ఉంది. కానీ జబ్బు ఉన్న ఆడదే కట్టకుండా మిగిలేది. అంటే మా పరీక్షకు మొట్టమొదట దొరకాల్సిన జంతువులు పరీక్ష దాకా రావడమే లేదు. మిగిలినవాటిలో కొత్తగా అంటుకున్నవి ఉంటాయి. వాటికి యాంటీబాడీ ఇంకా తయారై ఉండదు, పరీక్షలో నెగటివే. పరీక్షలు రెండింతలు చేశామని నేను గర్వపడ్డాను. తప్పుడు జంతువుల్నే రెండుసార్లు పరీక్షించాను.

మూడు రోజుల తర్వాత ఏడో నంబరు రైతు ఇంట్లో కూర్చున్నాను. కార్డులు బల్ల మీద పరిచాను. ఆయన చాలాసేపు కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు: "డాక్టర్ గారూ, మీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. మీరు ఆ భవనంలో రెండో అంతస్తులో ఉంటారు. నా అప్పు చూసేవాళ్లు మొదటి అంతస్తులో ఉంటారు. మెట్లు ఒకటే కదా."

ఆ ఒక్క మాటతో నాకు అప్పటిదాకా జరిగిందంతా అర్థమైంది. వైద్యుడికి చెప్పుకుందామంటే వైద్యుడి ఆఫీసులోనే అప్పులవాడు కూర్చున్నాడు. ల్యాబ్ ఫలితం అడ్వాన్స్ విభాగానికి వెళ్లేదా అని విచారించాను. అధికారికంగా వెళ్లదు. కానీ ఆపే నియమమూ లేదు. మధ్యాహ్నం భోజనానికి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రైతుకు కావలసింది వెళ్లదన్న నమ్మకం. అది ఇవ్వగల కాగితం మా దగ్గర లేదు.

రెండో పాఠం ట్యాంకర్ డ్రైవర్ నేర్పాడు. వైరస్ జన్యు పరీక్ష చేయిస్తే ఒకదాన్నుంచి ఒకటి ఎన్నడూ జంతువుల్ని కొనని ఐదు ఫారాల్లో ఒకే రకం వైరస్ తేలింది. జంతువులు మారలేదంటే మరేదో మారుతోంది. ట్యాంకర్ ఏ దారిలో తిరుగుతుందో చూద్దామని ఒక రోజు తెల్లవారుజామున బండి ఎక్కాను. గొట్టం ప్రతి ఫారం మేత తొట్టికీ తగులుతుంది. డ్రైవర్ దిగి నడుస్తాడు. అదే బూట్లతో మళ్లీ ఎక్కుతాడు. తోళ్ల సీజన్‌లో ఒకే ముఠా, అదే సామానుతో ఈ ఐదు ఫారాలకూ వెళ్తుందని కూడా అతనే చెప్పాడు. దిగేముందు ఇంకో మాట అన్నాడు. "ఏడో నంబరులో ఆగస్టు నుంచి మేత ఆర్డరు తగ్గుతూ వస్తోంది. మాకు ఎప్పుడో తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు." జబ్బు పడ్డ జంతువు ముందు మేత మానేస్తుంది. ల్యాబ్ కంటే ఐదు నెలల ముందే మేత కేంద్రం పుస్తకంలో ఆ సమాచారం ఉంది.

మూడో తప్పు రాజధాని ఆఫీసుది. కానీ దాన్ని అర్థం చేసుకోవడం నాకు కష్టం కాలేదు. అక్కడ ప్రజాసంబంధాలు చూసేవారు నా రిపోర్టు చదివి టెన్షన్ పడ్డారు. అప్పటికే పార్లమెంటులో నిషేధం మాట వినబడుతోంది. "ఈ జిల్లా సంగతి బయటకొస్తే రేపటి పత్రికల్లో మనమే" అన్నారు. వాళ్ల ఉద్యోగమే పరిశ్రమను కాపాడటం. నేను ఒకటే చెప్పాను: జబ్బు నిబంధన ప్రకారం ప్రభుత్వ పశువైద్య శాఖకు చెప్పాల్సిందే, చెబుతున్నాను. దాచిన ఫారం పక్కింటి రైతును ముంచుతుంది, ఆయనా మన సభ్యుడే. ఒక వారం మాటామాటా నడిచింది. చివరికి ప్రభుత్వ శాఖకు పూర్తి వివరాలు, పత్రికలు అడిగితే జిల్లా స్థాయి అంకెలు, ఫారాల పేర్లు ఎవరికీ లేవు అన్న ఒప్పందానికి వచ్చాం.

పనిచేసినవి

మొట్టమొదట శిక్షను ఎత్తేయమని అడిగాను. కమిటీలో ఇద్దరు గట్టిగా వ్యతిరేకించారు. దాచినవాడికి బహుమతి ఇస్తున్నామా అని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. శిక్షను పూర్తిగా తీయకుండా దిశ మార్చాం. తనంతట తాను చెప్పిన రైతుకు ఆ సీజన్ అడ్వాన్స్ ముట్టుకోకూడదు, వాయిదా తేదీ మారకూడదు. ఈ మాటను సర్క్యులర్‌లో కాకుండా రైతుకూ సంఘానికీ మధ్య ఉన్న అప్పు ఒప్పందంలోనే రాయించాం. సర్క్యులర్‌ను ఎవరైనా మార్చవచ్చు, సంతకం పెట్టిన ఒప్పందాన్ని ఒక పక్షం మాత్రమే మార్చలేదు. ల్యాబ్ ఫలితాలు ఇకపై సంఘం భవనానికి రావు. జిల్లాలోనే ఉన్న ఒక ప్రైవేటు పశువైద్యుడి దగ్గరికీ, ప్రభుత్వ శాఖకూ వెళ్తాయి. ఫోన్ కూడా ఆయనకే. నా కుర్చీ కూడా ఆయన క్లినిక్‌కు మార్చుకున్నాను. మూడు నెలల్లో ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. మొదటి ఫోన్ ఏడో నంబరుదే.

కట్టని ఆడవాటి సమస్యకు పరిష్కారం చవకగా దొరికింది. బతికి ఉన్నప్పుడు గోరు కత్తిరించే బదులు, తోళ్ల సమయంలో చంపాక గుండె నుంచి రక్తం తీసుకోవచ్చు. ఆ ఏడాది కట్టని ప్రతి ఆడదాని రక్తం నవంబరులోనే ల్యాబ్‌కు వెళ్లేలా చేశాం. బతికున్న జంతువుకు నొప్పి లేదు, రైతుకు పని పెరగలేదు. నెగటివ్ అని చెప్పుకుంటూ వచ్చిన మూడు ఫారాలు మొదటి నవంబరులోనే పాజిటివ్‌గా తేలాయి. దీని వల్ల జిల్లా అంకె ఒక్కసారిగా పెరిగింది. ఇది కొత్త జబ్బు కాదు, పాత జబ్బు కనబడటం మొదలైంది అని ప్రతి రైతుకూ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం షెడ్లు ఖాళీ చేయడం. ఈ వైరస్ మొండిది. మట్టిలో, పేడలో, గూడు పెట్టె చెక్కలో నెలల తరబడి బతుకుతుంది. ఒక ఫారంలో పాజిటివ్‌లను ఏరేసి, పక్క ఫారంలో ఉన్నవాటిని వదిలేస్తే మళ్లీ వస్తుంది. ఒకే రకం వైరస్ ఉన్న ఐదు ఫారాలూ ఒకేసారి ఖాళీ కావాలి. ఇరవై మూడూ ఎందుకు కాదు? నేను మొదట అదే అడిగాను. కానీ జన్యు పరీక్షలో మిగతా పద్దెనిమిదికి ఈ ఐదింటితో సంబంధం కనబడలేదు. వాటిని కూడా ఖాళీ చేయిస్తే ఒక జిల్లా ఆదాయం మొత్తం పోతుంది. అవసరం ఉందని చూపించలేని త్యాగాన్ని రైతు దగ్గర అడగకూడదు.

డబ్బు ఎక్కడిది? ఇక్కడే జాతీయ సంఘం ఉండటం వల్ల కలిగిన లాభం నాకు స్పష్టంగా కనబడింది. దేశంలోని దాదాపు ప్రతి తోలూ దాని వేలం గుండా వెళ్తుంది కాబట్టి, ఒక్కో తోలు మీద చాలా చిన్న మొత్తం కోసి నిధి పెట్టగల సంస్థ దేశంలో అదొక్కటే. ఏ జిల్లా సంఘమూ ఇది చేయలేదు. ప్రభుత్వం చేయాలంటే చట్టం కావాలి. జబ్బు లేని జిల్లాల రైతులు ఎందుకు ఇవ్వాలి అన్న ప్రశ్న వార్షిక సమావేశంలో వచ్చింది. మైకు దగ్గరికి వచ్చి సమాధానం చెప్పింది నేను కాదు, దేశం ఆ చివర ఉన్న ఒక ముసలాయన. ఒకప్పుడు తన జిల్లాలోనూ ఇదే జబ్బు ఉండేదనీ, అప్పుడు తోళ్ల రేటు పడిపోయి ఒంటరిగా షెడ్లు కాల్చుకున్నాననీ చెప్పాడు. నిధికి ఓటు గెలిచింది.

డిసెంబరులో తోళ్లు తీసిన వెంటనే ఐదు ఫారాల్లో ఈత జంతువుల్ని కూడా తీసేశారు. రైతులు ఫిబ్రవరిలోనే కొత్త జంతువుల్ని తెచ్చుకుని మార్చికి జత కట్టిస్తామన్నారు, లేకపోతే ఒక ఏడాది పంట పోయినట్టే. నేను ఒప్పుకోలేదు. గడ్డకట్టే చలిలో కాస్టిక్ సోడా నీళ్లు పనిచేయవు, నేల మీద పోయగానే మంచు అవుతాయి. చలి వైరస్‌ను చంపదు, దాచిపెడుతుంది. పేడ కుప్ప లోపల వేడి పుట్టి కుళ్లడానికీ వెచ్చని నెలలు కావాలి. ఏడాది మొత్తం ఖాళీగా ఉంచుదామన్నాను. ఒక రైతు భార్య అడిగింది: "ఒక ఏడాది మేం ఏం చేయాలి? మా ఆయన ఉదయం ఐదింటికి లేచి షెడ్డుకు వెళ్లకుండా ఇంట్లో ఎలా ఉంటాడో మీకు తెలుసా?" ఆ ప్రశ్నకు నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు. సంఘం నిధి నుంచి నష్టపరిహారంతోపాటు, ఆ ఏడాది సొంత షెడ్లు కడిగే పనికి ఆ ఐదు కుటుంబాలకే కూలి ఇచ్చేలా మాట్లాడాం. వాళ్లకంటే శ్రద్ధగా ఆ షెడ్లను ఎవరూ కడగలేదు. పాత గూడు పెట్టెలు కాల్చేశారు. వైరు బోన్లను మంటతో కాల్చి తుడిచారు. పేడ కుప్పలకు సున్నం కలిపి, కప్పి ఉంచారు.

మేత ట్యాంకర్ దారి కూడా మారింది. శుభ్రంగా ఉన్న ఫారాలు ముందు, అనుమానం ఉన్నవి చివర. గేటు దగ్గరే ఒక మేత తొట్టి. డ్రైవర్ లోపలికి నడవడు. ఏ ఫారం ఆర్డరైనా రెండు వారాలు వరసగా తగ్గితే మేత కేంద్రం క్లినిక్‌కు ఫోన్ చేస్తుంది. ఇది రైతులు మీటింగ్‌లో ఒప్పుకున్నాకే మొదలైంది. చెప్పకుండా పెట్టి ఉంటే ఇది కూడా నిఘా అయ్యేది.

మరుసటి ఏడాది చివర్లో, పరీక్షించిన ఫారాల నుంచి కొత్త జంతువులు వచ్చాయి. ఆ తర్వాత రెండు చలికాలాలు ఆ ఐదింట్లో పాజిటివ్ లేదు. మొత్తం జిల్లాలో ఒకే ఒక్క ఫారంలో మళ్లీ కనబడింది. అది కంచె కింద వాగు గట్టున తిరిగే అడవి మింక్‌ల నుంచి వచ్చి ఉంటుందని నా అంచనా. ఎన్నో ఏళ్ల క్రితం ఫారాల నుంచి తప్పించుకుని యూరప్ వాగుల్లో స్థిరపడ్డ అమెరికా మింక్‌లు అవి. వాటిలోనూ ఈ వైరస్ ఉంటుంది. ఆ రైతు అనుమానం వచ్చిన మర్నాడే ఫోన్ చేశాడు.

తర్వాత ఆలోచించినవి

ఈ కేసులో నేను మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్ని పరీక్షలు చేస్తున్నారు" కాదు, "పరీక్ష రోజున ఏ జంతువులు లేవు" అన్నది. ఇప్పుడు ఏ రంగంలో పని ఒప్పుకున్నా మొదటి వారంలోనే ఇది అడుగుతున్నాను. రొయ్యల చెరువులో అయినా అంతే. జబ్బు అనుమానం వచ్చిన చెరువును రాత్రికి రాత్రి పట్టి అమ్మేస్తే, మర్నాడు ల్యాబ్‌కు వచ్చే శాంపిల్ మంచి చెరువుదే.

జాతీయ సంఘం గురించి నా అభిప్రాయం రెండు వైపులా బలపడింది. నిధి పెట్టడం, ఐదు ఫారాల్ని ఒకేసారి ఒప్పించడం, దేశమంతా ఒకే పరీక్ష పద్ధతి నడపడం, ఇవి సంఘం తప్ప ఎవరూ చేయలేరు. అదే సంఘం అప్పు ఇచ్చేది, అమ్మిపెట్టేది, జబ్బు కనిపెట్టేది ఒకే చేతితో చేస్తే రైతు ఆ చేతికి జబ్బును చూపించడు. ఏ పని సంఘం దగ్గర ఉండాలి, ఏది బయటకు వెళ్లాలి అన్నది ముందే, ప్రశాంతంగా ఉన్న రోజుల్లో తేల్చుకోవాలి. 2020 నవంబరులో డెన్మార్క్ ప్రభుత్వం కోవిడ్ కారణంగా దేశంలోని మింక్‌లన్నిటినీ చంపాలని ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే అక్కడి సంఘం తన వేలం కేంద్రాన్ని రెండు మూడేళ్లలో మూసేస్తామని చెప్పింది. 2023లో ఫిన్లండ్ ఫర్ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి నక్కల్నీ మింక్‌లనూ లక్షల సంఖ్యలో చంపాల్సి వచ్చింది. పెద్ద జబ్బు వచ్చిన వారంలో ఎవరికీ నియమాలు రాసుకునే తీరిక ఉండదు.

శిక్ష గురించి నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. తెలిసీ జబ్బు జంతువుల్ని అమ్మినవాడు శిక్షకు అర్హుడే, ఆ నియమాన్ని మేం ఉంచాం. చెప్పడానికి భయపడినవాడు వేరు. ఆ రెండిటి మధ్య గీత ఎక్కడో ప్రతి కేసులోనూ మళ్లీ వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంకొకటి. డ్రైవర్ దగ్గరికి నేను పద్నాలుగు నెలల తర్వాత వెళ్లాను. అతని పుస్తకం మొదటి రోజు నుంచీ మేత కేంద్రం గుమాస్తా బల్ల మీదే ఉంది. ఆ గదిలో నేను నాలుగుసార్లు కాఫీ తాగాను. ఏడో నంబరులో జబ్బు ఆగస్టులోనే తెలిసి ఉంటే, తోళ్ల ముఠా నవంబరులో అక్కడి నుంచి నేరుగా పన్నెండో నంబరుకు వెళ్లి ఉండేది కాదు. పన్నెండో నంబరు రైతు ఆ ఏడాది ఖాళీగా ఉంచిన షెడ్లను మళ్లీ నింపలేదు. బంగాళాదుంపలు వేస్తున్నాడు. కిందటి శరదృతువులో క్లినిక్‌కు ఒక బస్తా పంపించాడు.